తుడవని బంతి

బొమ్మలత్త అప్పటికే మూడు గ్లోబులు తుడిచి, నాలుగోదాని ఇరుసులో చుక్క నూనె వేస్తోంది. బడిలో పాఠాలకు కావలసిన పటాలూ బొమ్మలూ ప్రొజెక్టరూ ఉండే గది ఆమెది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ గది తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. ఈ సాయంత్రంతో ఉద్యోగం పూర్తి.

ఆమెకో పద్ధతి ఉంది. ఏ టీచరొచ్చి ఏమడిగినా, "పిల్లలు ఎక్కడ పొరబడ్డారు?" అని తెలుసుకోనిదే బీరువా తెరవదు. కొత్తవాళ్లకు ఒళ్లు మండేది. ఇంట్లోనూ అదే తంతు. "కూరలో ఉప్పు తగ్గిందన్నా ముందు నన్నే నాలుగు ప్రశ్నలు అడుగుతుంది" అని భర్త అందరికీ నవ్వుతూ చెబుతుంటాడు. రేపటినుంచి ఆ ప్రశ్న ఇక్కడ అడిగేవాళ్లుండరేమో అన్నదొక్కటే ఆమె దిగులు. మిగతా దేనికీ బెంగ లేదు.

పొద్దున్నే మొక్కల పాఠం చెప్పే మాస్టారు మొలకల పటం కోసం వచ్చాడు.

"గింజలోంచి వేరు ముందొస్తుందా, ఆకు ముందొస్తుందా అంటే తలా ఒకటి చెప్తున్నారత్తా."

"పటంలో అన్నీ ఒకేసారి కనిపిస్తాయి బాబూ. ముందూ వెనకా తెలియాలంటే కదిలేది చూపించు" అని వీడియో ఇచ్చి పంపింది.

ఆ వెనకే కొత్త సైన్సు టీచరమ్మ హడావిడిగా వచ్చింది. రేపటినుంచి ఈ గది బాధ్యత ఆ అమ్మాయిదే.

"అత్తా, చంద్రుడి కళల సినిమా కావాలి, తొందరగా!"

"పిల్లలు ఎక్కడ పొరబడ్డారు?"

"అబ్బా, ముందు ఇవ్వండత్తా. గంట కొట్టేస్తారు."

ఆఖరి రోజు గొడవెందుకని బొమ్మలత్త ఇచ్చేసింది. ఇచ్చాక మనసు పీకుతూనే ఉంది.

మధ్యాహ్నానికి అమ్మాయి ముఖం వేలాడేసుకుని వచ్చింది. పిల్లలు కన్నార్పకుండా చూశారట, చప్పట్లు కూడా కొట్టారట. తీరా రాయమంటే, పాతికమందీ భూమి నీడ పడి చంద్రుడు తరిగిపోతాడనే రాశారు.

"సినిమాలో వాళ్లు ఎక్కడ నిలబడి చూశారమ్మా?"

టీచరమ్మ కిటికీలోంచి పైకి చూసింది. "ఎక్కడో ఆకాశంలో."

"మనం ఉండేది భూమ్మీద కదా. అక్కడ నిలబెట్టు."

చంద్రుడికని పెన్సిలుకు గుచ్చిన తెల్లబంతి ఒకటి, సూర్యుడికని బల్బు ఒకటి తీసి ఇచ్చింది. తరగతి కిటికీలు మూసి బల్బు వెలిగించారు. ఒక్కొక్కరే బంతిని తలకంటే ఎత్తుగా పట్టుకుని, ఉన్నచోటే నెమ్మదిగా తిరిగారు. బంతిమీద వెలుగు సన్నటి గీతై, సగమై, నిండై, మళ్లీ తరిగింది.

"నా నీడ బంతిమీద పడనే లేదు టీచర్, అయినా తరిగిందే!" అని ఒక పిల్ల కేక పెట్టింది. గుమ్మంలో నిలబడ్డ బొమ్మలత్తకు కడుపు నిండిపోయింది.

సాయంత్రం తాళంచెవి టీచరమ్మ చేతిలో పెట్టి, బంతి తుడుద్దామని గుడ్డ తీసింది. అంతలో లెక్కల మాస్టారు వచ్చి చెక్కబొమ్మల పెట్టె అడిగాడు. అలవాటు కొద్దీ బొమ్మలత్త నోరు తెరవబోయింది.

"ఇస్తాను గానీ మాస్టారూ," అంది టీచరమ్మ ముందే, "పిల్లలు ఎక్కడ పొరబడ్డారు?"

బొమ్మలత్తకు నవ్వూ ఆగలేదు, కళ్లనీళ్లూ ఆగలేదు. గుడ్డ బల్లమీద వదిలేసి, సంచీ భుజాన వేసుకుని చప్పుడు కాకుండా మెట్లు దిగింది.

కిటికీ దగ్గర, పాతికమంది వేలిముద్రలతో మసకబారిన బంతి, సగం ఎండలోనూ సగం నీడలోనూ అలాగే ఉంది.