రెండున్నర సైజు

నా పేరు సన్యాసి. పేరు చూసి మోసపోకండి, నేను వదిలేసింది ఒక్క నోటినే. నలభై అయిదేళ్లొచ్చినా అది ఇంటికి చేరలేదు. మలయాలోని క్లాంగ్‌లో తాతబాబు గారి గాజుల కొట్లో గుమాస్తాని. నేను గొంతెత్తితే వీధి చివర ఎద్దుబండి ఆగిపోతుందని మా ఆవిడ అంటుంది.

పందొమ్మిది వందల ముప్పై రెండు మొదట్లో, రబ్బరు ధర పడిపోయి కొట్లో ఈగలకి కూడా బేరాల్లేని రోజుల్లో, తాతబాబు గారు నన్ను పిలిచారు.

"సన్యాసీ, సెన్నపట్నం నుంచి ఇంకొక్కసారి గాజులు తెప్పిద్దాం. ఇవి అమ్ముడైతే సరే. నేదంటే గాజులు మానీసి ఉల్లిపాయలు ఎట్టుకుందాం. ఎన్ని కావాలో, ఏ సైజులో నువ్వే తేల్చి సెప్పు."

గాజులు మానేస్తే ముందు పోయేది పోలమ్మ కూడు. గాజుల మలారం భుజాన వేసుకుని బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటల్లో కూలీలుండే ఇళ్ల లైన్లన్నీ తిరిగి గాజులు తొడిగేది ఆవిడే. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. పని లేనివాళ్లని సర్కారు ఓడెక్కించి ఊళ్లకి పంపేస్తోంది. ఇరవై ఏళ్ల కిందట వదిలొచ్చిన ఊళ్లో పోలమ్మకి తలుపు తీసేవాళ్లు లేరు.

ఆ సాయంత్రం ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబూ, జొరంతో ఆరు నెల్లు మంచాన పడ్డాను. తోటలకెల్లి సానాళ్లయింది. సీటీ రాసిస్తే రెండ్రోజులు తిరిగొస్తాను. సేతులు అట్టుకు సూసి సెప్తాను."

తోటలోకి వెళ్లాలంటే కొట్టు చీటీ ఉండాలి. చీటీ రాసేది నేను.

"చేతులు పట్టుకు చెప్పడానికి నువ్వేమన్నా జోస్యురాలివా? నీకు హస్తాలు, నాకు పుస్తకాలు. ఇంట్లో పడుకో."

"పుస్తకాల్లో సేతులుంటాయేటి బాబూ?"

"చేతులుండవు. లెక్క ఉంటుంది. తలకి రెండు జతలు."

కొట్లోవాళ్లంతా నవ్వారు. పోలమ్మ కూడా నవ్వింది. వాళ్ల నవ్వులు మరిచిపోయాను గానీ, ఆవిడ నవ్వు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. చీటీ రాయలేదు.

మూడు రోజులు కదలకుండా కూర్చున్నాను. జిల్లా ఆఫీసులో పనిచేసే లారెన్స్ కూలీల శాఖ నివేదిక తెచ్చిచ్చాడు. ఏ తోటలో ఎందరు ఆడవాళ్లో అచ్చులో ఉంది. మా అమ్మకాల పుస్తకాలు నాలుగేళ్లవి దులిపాను. పది జతల్లో ఏడు రెండున్నర సైజు. అది ఇందులో, ఇది అందులో కలిపి గుణించి, తాతబాబు గారికి చదివి వినిపించాను. ఎదురుకొట్టు చెట్టియారుకి కూడా వినిపించింది.

"సొంతంగా సంతకి పోకుండానే సంతని చేతిలో పెట్టే శాస్త్రం ఇది" అన్నాను.

మూడు నెలలకి పెట్టెలు రేవులో దిగాయి. నా శాస్త్రం ఫలించడం కళ్లారా చూద్దామని పోలమ్మతో నేనూ బయల్దేరాను.

రబ్బరు చెట్ల పాలగీత ముగించుకుని ఆడవాళ్లు లైన్లకి తిరిగొచ్చే వేళ. మొదటి గది మరిడమ్మది. పోలమ్మ మెట్టు మీద కూర్చుని, అలవాటుగా ఆ చెయ్యి తీసుకుని, బొటనవేలు లోపలికి మడిచి, గాజు ఎక్కించింది. నొక్కవలసిన పనే పడలేదు. గాజు మోచేతిదాకా జారింది. మరిడమ్మ చెయ్యి దించగానే కింద పడింది.

"నీది ఇదే సైజు కదేటే" అంది పోలమ్మ.

"అప్పుడక్కా. ఇప్పుడు కూలి సగం సేసీసినారు. గంజే తాగతన్నాం."

పక్క గదులవాళ్లూ వచ్చారు. రెండో చేతికి, మూడో చేతికి ఎక్కించి చూసి, పోలమ్మ గాజులు పక్కన పెట్టేసింది. మణికట్టుల చుట్టూ వేళ్లు చుట్టి చూస్తూ, "రెండుంపావు... ఇదీ రెండుంపావే... ఈ పిల్లది రెండు" అంటూ పోయింది, నాకు చెబుతున్నట్టు కూడా కాదు.

నేను తలలు లెక్కపెట్టాను. అచ్చులో నలభై ఆరు, అక్కడ నలభై నాలుగు, రెండే తేడా. పుస్తకం అబద్ధమాడలేదు. జనాభా అంతా ఉంది, జనబాధే అందులో లేదు. ఈ మాట అప్పుడు తోచలేదు లెండి. అప్పుడు కింద పడ్డ గాజు ఏరి మలారంలో వేశాను.

తిరిగొస్తూ దారిలో అన్నాను, "తప్పు నాది పోలమ్మా. నిన్ను పంపించవలసింది."

"పుస్తకం రాసినప్పుడు ఈల్లు కడుపునిండా తిన్నారు బాబూ. దానికేటి తెలుస్తాది" అంది.

తాతబాబు గారి దగ్గర తప్పంతా నా మీదే వేసుకున్నాను. పోలమ్మని ఉంచమన్నాను. "తప్పు నీదే. అయినా తొడగడానికి గాజుల్నేవు, ఆవిడిని ఏటి సెయ్యమంటావు" అన్నారు ఆయన. గాజులు మానేసి కొట్లో ఉల్లిపాయలు పెట్టారు. ఉల్లిపాయలకి మలారం అక్కర్లేదు, గుమాస్తా కావాలి. నేను మిగిలాను.

పోలమ్మని ఊరికి పంపేసే ఓడ రోజున రేవుకి వెళ్లాను. బల్ల వెనక ఆఫీసు మనిషి పేరు, వయసు అడిగి రాసుకున్నాడు.

"ఈ పుస్తకం ఎవరు సదువుతారు బాబూ?" అని నన్నడిగింది పోలమ్మ.

"నాలాంటివాళ్లు" అన్నాను.

పోయిన నెల లారెన్స్ కొత్త నివేదిక తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఊళ్లకి పంపిన ఆడవాళ్ల అంకె చూశాను. అచ్చు చక్కగా ఉంది. అందులో ఒకటి నేను కలిపింది.