ఎర్రగీత దాటిన ముల్లు

కెప్టెన్ గారి అరచేతులకు చెమట పట్టింది. ముప్పై ఏళ్ళ సర్వీసున్న మనిషికి నేలమీది ఉత్తుత్తి విమానం సిమ్యులేటర్లో చెమట పట్టడం పరువు తక్కువే. కానీ కిందటి నెల పరీక్షలో ఒకసారి తప్పాడు. ఇవాళా తప్పితే కెప్టెన్ సీటు పోతుంది. పైగా వెనక కూర్చుని పరీక్ష పెడుతున్నవాడు ఒకప్పుడు తన దగ్గరే ల్యాండింగ్ నేర్చుకున్న శిష్యుడు.

మబ్బుల్లోకి ఎక్కుతుండగా వేగం పెరిగిపోతోందని చూపించింది మీటరు. వేగం తగ్గాలని కెప్టెన్ పవర్ తగ్గించి విమానం ముక్కు పైకెత్తాడు. మీటరు ఇంకా పెరిగింది. ఆయన ఇంకా ఎత్తాడు. తెర మూలన కొత్తగా పెట్టిన చిన్న ముల్లొకటుంది. రెక్క గాలికి ఎంత ఏటవాలుగా ఉందో అది చెబుతుంది. ఎర్రగీత దాటిందంటే విమానాన్ని గాలి ఇక మొయ్యదు. అది లేకుండానే ఇన్నేళ్ళు నడపలేదా అని ఆయనకు దానిమీద మొదట్నుంచీ చిన్నచూపు.

"సార్, ముల్లు చూడండి," అంది పక్క సీట్లోని కో-పైలట్.

ఆయన ముక్కు ఇంకాస్త ఎత్తాడు.

"సార్, ఎర్రగీత దగ్గరికొచ్చేసింది."

"ఆగమ్మా!"

విమానం పడిపోబోతోందన్న హెచ్చరికగా చేతిలోని కంట్రోల్ గడగడా వణికింది.

"సార్! స్పీడ్ మీటరు తప్పు చూపిస్తోంది! ముక్కు దించండి!"

అప్పుడు చూశాడు. ముల్లు గీత దాటి ఉంది. గబుక్కున ముక్కు దించాడు. వణుకు ఆగింది, విమానం నిలదొక్కుకుంది.

లైట్లు వెలిగాయి.

"బాగానే గట్టెక్కించారు గురువుగారూ," అన్నాడు శిష్యుడు, పెన్ను తీస్తూ. "వెనకనుంచి మీ కళ్ళు నాకు కనపడవు. ముల్లు ఎప్పుడు చూశారు?"

"నేను మొదటిసారి చెప్పగానే చూశారండీ," అనేసింది ఆ అమ్మాయి.

అవునంటే చాలు, సీటు దక్కుతుంది. ఈ పిల్ల వచ్చేవారం మరో కెప్టెన్ పక్కన, నిజమైన మనుషులను ఎక్కించుకుని ఎగురుతుందన్న ఆలోచన ఆయన్ను పట్టుకుని వదల్లేదు.

"చూళ్ళేదు," అన్నాడు. "మూడోసారి అరిచేదాకా అటు చూళ్ళేదు."

"గురువుగారూ, అలా అయితే నేను..."

"రాయి నాయనా."

పెన్ను కదిలింది. అమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

"నాలాంటివాడు కసురుకుంటే ఇంకా గట్టిగా చెప్పు," అన్నాడాయన బెల్టు విప్పుకుంటూ. "నాకోసం అబద్ధం మాత్రం చెప్పకు."

ఆ సీట్లోంచి లేవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.