ఏడ్చే వీరనారి కావలెను

“నిజామాబాద్‌ల అమ్మే పుస్తకాలల్ల నేను సదవనిది ఒక్కటి సూపెట్టుండ్రి, నా మీసం గొరిగించుకుంట!”

ఎడపల్లిలో తన ఇంటి అరుగు మీద కూర్చుని బాలనర్సయ్య తాత ఈ మాట అంటే, మీసం కూడా నమ్మినట్టే నిక్కబొడుచుకుంది. ఎస్తర్ మాత్రం నవ్వలేదు. సోమవారం నుంచి ఆ పిల్ల నిజామాబాద్ హాస్టల్లో ఉండి చదవాలి. ఇంట్లో బట్టలు సర్దారు, బకెట్ కొన్నారు, పెట్టెకు తాళం కూడా కొన్నారు. ఎస్తరే ఇంకా “పోను” అంటోంది.

అందుకే ఆమె స్నేహితురాలు, తాత మనవరాలు వినీత, టౌనుకు పోయి మూడు నవలలు తెచ్చింది. అన్నింట్లోనూ మంత్రాలు, రాక్షసులు, వాళ్లకు ఎదురు తిరిగే అమ్మాయిలు. ఎస్తర్‌కు ఏది నచ్చితే అది ఆమెతో హాస్టలుకు పోవాలి.

“ఏది మంచిగుంటది తాతా?”

తాత మొదటి పుస్తకాన్ని చేయి చాచి దూరంగా పట్టుకున్నాడు. అట్ట మీద రెక్కల గుర్రం, దాని మీద ఒక పిల్ల.

“గిది గట్టి పిల్ల. మబ్బుల కెల్లి దుంకి ఏడు తలల పామును తోక పట్టి గిరగిర తిప్పుతది.”

“ఇల్లిడిసి పోయేటప్పుడు ఏడ్సిందా?” అడిగింది ఎస్తర్.

“థూ! ఏడ్సుడా? ఎనుకకు తిరిగి గూడ సూడలే.”

ఎస్తర్ ఆ పుస్తకాన్ని పక్కకు జరిపింది.

రెండో దాని మీద మంటల కత్తి. “గీమె ముందు రాక్షసుడే ఏడ్సిండు.” అదీ పక్కకు పోయింది. మూడో దాని అట్ట మీద ఒక పిల్ల, ఆమె భుజం మీద గుడ్లగూబ. “గిదైతే పుట్టినప్పుడు గూడ ఏడ్వలే. మంత్రసాని పరేషానైంది.” అదీ పక్కకే.

తాతకు పౌరుషం వచ్చింది.

“ఇంకో కథున్నది. దుకాణంల దొరకది. చెరుకు నాలుగు దిక్కుల కెల్లి కొట్టుకుంట వస్తే, తోటల దాగిన జీవాలన్ని నడిమికి జరుగుతయి. ఆఖరి సాళ్లు మిగిలినంక ఒక పంది లేసింది. బర్రెంత పంది! మగోళ్లందరు ఉరికి పొలం గట్టెక్కిండ్రు. ఒక్క కొత్త కోడలు కత్తి పట్టుకొని ఎదురువోయింది. భయం లేదు, కంట్ల నీటిసుక్క లేదు...”

గడప దగ్గర బీడీలు చుడుతున్న గంగుబాయి ఒళ్లోని చేట కింద పెట్టింది. ఆ కొత్త కోడలు ఆమే, తాత భార్య.

“ఎవలికి లేదు భయం? నాకా? కండ్లు గట్టిగ మూసుకొని, నన్ను గన్న అవ్వను యాదిజేసుకుంట, బోధన్ దాక ఇనవడేటట్టు ఏడ్సిన. ఏడ్సుకుంటనే కత్తి తిప్పిన. ఆ పంది ఎటు వోయిందో నాకేం తెల్సు?”

“నువ్వు ఏడ్సినవా అవ్వా?” ఎస్తర్ తల ఎత్తింది.

“ఏడ్వనా మరి? అత్తగారింటికొచ్చి నెల గాలే.”

“మరి వాపసు పోలేదా?”

“పోదామనే అనుకున్న. తెల్లారి బండికి చెరుకు ఎత్తాలె. తెల్లారి మళ్ల ఎత్తాలె. గట్లనే ఉండిపోయిన.”

ఎస్తర్‌కు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే గుడ్లగూబ పుస్తకం తెరిచింది. ఒక్క పేజీ చదివి అరిచింది.

“తాతా! ఈ పిల్ల మొదటి పేజీలనే గడప పట్టుకొని ఏడుస్తున్నది! గుడ్లగూబ గూడ!”

“మీసం!” అని వినీత చప్పట్లు కొట్టింది.

“ఒక్కటి గూడ సదవలే బిడ్డా,” అన్నాడు తాత హాయిగా. “అట్ట మీది బొమ్మలు సూసి సెప్పిన. గొరిగియ్యుండ్రి, ఎండకాలం సల్లగుంటది.”

“ఇది నా బకెట్ల పెట్టుకుంట,” అంది ఎస్తర్ పుస్తకం చంకన పెట్టుకుని. ఎస్తర్ మళ్లీ మాట మార్చేస్తుందేమోనని వినీత మిగతా రెండు పుస్తకాలను గబగబా లోపల దాచేసింది.

వెళ్లిపోతున్న ఎస్తర్‌ను తాత దగ్గరికి పిలిచి చెవిలో అన్నాడు.

“పంది గాదు బిడ్డా, కుందేలు. కండ్లు మూసుకున్నది గదా, మీ అవ్వ సూడలే. నేను సెప్పంగ సెప్పంగ పందే అనుకుంటున్నది. ఆమెకు సెప్పకు.”

“మరి మగోళ్లు గట్టెక్కుడు?”

“గది నిజమే,” అన్నాడు తాత మీసం దువ్వుకుంటూ. “ముందుగాల ఎక్కింది నేనే.”