తొమ్మిదో నంబరు బిళ్ళ

వేళాంగణ్ణి మాత పండక్కి పోవాలంటే బంగారు గనుల ఊరు ఊరిగాంలో తక్కినవాళ్ళందరూ బట్టలు సర్దుకుంటారు. ఆర్థర్ మాత్రం వంటిల్లు సర్దుతాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. హోటల్ సాంబారు తన కడుపుకు పడదని ఆయన గట్టి నమ్మకం. ఆ ఒక్క కడుపు కోసం పంపు స్టవ్వు, దాన్ని పొడిచే పిన్ను, కిరసనాయిలు డబ్బా, దబరాలు, పెనం, కత్తిపీట, గరిటె, ఉప్పు, చింతపండు, రాగిపిండి, అన్నీ కలిపి ఇరవై మూడు వస్తువులు ఇనప ట్రంకులో ప్రయాణం కడతాయి.

గని మూతపడేదాకా ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన ల్యాంపురూములో గుమాస్తా. కిందికి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఆయనకిచ్చి దీపం తీసుకోవాలి. పైకొచ్చాక దీపం అప్పజెప్పి బిళ్ళ తీసుకోవాలి. షిఫ్టు ముగిశాక బోర్డు మీద ఒక్క బిళ్ళ వేలాడుతున్నా ఒక మనిషి ఇంకా భూమిలోపల ఉన్నట్టే. ఒకసారి బండ పేలి దారి మూసుకుపోయినప్పుడు, మిగిలిపోయిన ఒకే ఒక బిళ్ళ ఎదుట రెండు రోజులు తిండీ నిద్రా లేకుండా కూర్చున్నాడు. ఆ మనిషి ప్రాణాలతో పైకొచ్చి బిళ్ళ అందుకున్నాకే ఇంటికి పోయాడు. తన బోర్డు మీద ఎవరూ తప్పిపోలేదన్నదే ఆయన జీవితంలో సంపాదించుకున్న పేరు.

గనులు మూసి రెండేళ్ళయింది. దిగేవాళ్ళూ లేరు, ఎక్కేవాళ్ళూ లేరు. అలవాటుపడ్డ చెయ్యి ఊరుకుంటుందా? పాలపొడి డబ్బాల మూతలు కత్తిరించి, మేకుతో నంబర్లు కొట్టి, వంటసామానుకు బిళ్ళలు తయారుచేశాడు. ట్రంకులోంచి వస్తువు బయటికొస్తే దాని బిళ్ళ చెక్కపలక మీదికి ఎక్కుతుంది. వస్తువు లోపలికి పోతే బిళ్ళ దిగుతుంది. పలక ఖాళీగా ఉంటే అంతా క్షేమం.

భార్య ఫిలోమినా గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. "పిన్నుకు గూడా బిళ్ళ వేసినారు. నాకొకటి వెయ్యకూడదా?" అంది.

"నువ్వేమన్నా తప్పిపోయే సామానా ఫిలో?" అని నవ్వాడు ఆర్థర్.

"అదీ నిజమే," అని ఆమె చింతపండు గింజలు తీయడానికి వెళ్ళిపోయింది.

తెల్లారి ప్రార్థన చేసుకుని బయల్దేరారు. కొడుకు ఫ్రాంక్లిన్ వ్యాను నడుపుతున్నాడు. కోడలు జాయ్స్, ఆర్థర్ చెల్లెలి కుటుంబం, అంతా కలిసి పదకొండు మంది. ఫిలోమినాది చివరి సీటు, పరుపుచుట్టల పక్కన, ట్రంకుకు కాపలాగా.

వేలూరు దాటాక ఒక బోరింగు దగ్గర ఆగి ఉప్మా చేశారు. చేశారంటే ఫిలోమినా చేసింది, తక్కినవాళ్ళు తిన్నారు. వ్యాను కదిలి పది నిమిషాలైందో లేదో ఆర్థర్ పలక చూసి కేక పెట్టాడు. తొమ్మిదో నంబరు వేలాడుతోంది. గరిటె!

"ఒక గెంటె కోసం వెనక్కి పోవల్లనా డాడీ? దారిలో కొత్తది కొనిస్తాను," అన్నాడు ఫ్రాంక్లిన్.

"బిళ్ళ వేలాడతా ఉండాదిరా! ల్యాంపురూములో మనిషి తక్కువైతే కొత్త మనిషిని కొనుక్కొచ్చినామా? తిప్పు బండి."

తిప్పారు. గరిటె బోరింగు గట్టుమీదే ఎండలో మెరుస్తూ ఉంది. ఆర్థర్ దాన్ని తుడిచి ట్రంకులో పెట్టి, బిళ్ళ దించి, అందరి మొహాలూ ఒకసారి చూశాడు. బావగారి బుర్రే బుర్ర అని చెల్లెలి మొగుడు మెచ్చుకున్నాడు. ఫిలోమినా ట్రంకు మూత వేసింది.

విళుపురం దగ్గర పెట్రోలు బంకులో టీలకని ఆగారు. ట్రంకు తెరవలేదు. అయినా బయల్దేరే ముందు ఆర్థర్ పలక చూశాడు. ఒక్క బిళ్ళా లేదు. "అంతా సరిగా ఉండాది, రైట్!" అని వ్యాను రేకు మీద రెండు దెబ్బలు వేశాడు. వెనక సీట్లో ఫిలోమినా శాలువా కప్పుకుని పడుకున్నట్టుంది. పాపం, పొద్దున నాలుగింటికి లేచింది కదా అని ఎవరూ కదిలించలేదు.

కడలూరు దాటాక ఒక సరుగుడు తోపులో చాపలు పరిచారు. ఫ్రాంక్లిన్ ట్రంకు దించాడు. అందరికీ ఆకలి కరకరలాడుతోంది. ఆర్థర్ స్టవ్వుకు గాలికొట్టి సిద్ధం చేసి, "ఫిలో, రా!" అని పిలిచాడు. మూడుసార్లు పిలిచాడు. జాయ్స్ వెళ్ళి శాలువా లాగింది. కింద పరుపుచుట్ట ఉంది.

"మామయ్యా, అత్తమ్మ లేదు!"

అప్పుడు ఆర్థర్ ఒక పని చేశాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఆయనకు తల కొట్టేసినట్టవుతుంది. పరుగెత్తుకెళ్ళి పలక చూశాడు. దాని మీద స్టవ్వు బిళ్ళ ఒక్కటే వేలాడుతోంది. స్టవ్వు ఎదురుగానే ఉంది. పలక లెక్క ప్రకారం ఎవరూ తప్పిపోలేదు.

అందరినీ ఎక్కించి వ్యాను వెనక్కి తిప్పించాడు. వెనక్కి పోతున్నంతసేపూ కిటికీలోంచి తల బయటపెట్టి రోడ్డు పక్కన నడిచే ప్రతి ఆడమనిషినీ చూశాడు. ఎవరికో ఏమో అయిందని రెండు రోజులు కూర్చున్న మనిషి, సొంత భార్య లేకుండా గంటన్నర పైన హాయిగా కునుకు తీశాడు.

ఫిలోమినా బంకు పక్క హోటల్ బెంచీ మీద నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని మసాలా దోసె తింటోంది. పక్కనే గిన్నెలో సాంబారు. ముప్పై ఏళ్ళ కాపురంలో, ప్రయాణాల్లో ఆమె ఇంకొకరి చేతివంట తినడం అదే మొదలు.

ఆర్థర్ ఆయాసపడుతూ ఎదుట నిలబడ్డాడు. "నువ్వు అరిచుంటే వినపడేది కదా! బండి కదిలేటప్పుడు యాడ ఉండినావు?"

"ఇక్కడే, కుళాయి దగ్గర. మీరు పలక చూసి రైట్ అన్నది గూడా చూసినాను. అరవల్ల అనే అనుకుంటి. ఇంగ ఎంతసేపటికి తెలుస్తుందో చూద్దామని ఊరుకుంటి." దోసె ముక్క సాంబారులో ముంచింది. "ఎప్పుడు తెలిసింది?"

"పన్నెండున్నరకు."

"ఎట్ల తెలిసింది?"

అబద్ధం చెప్పొచ్చు. మనసు కీడు శంకించిందనో, కిటికీలోంచి చూశాననో ఏదో ఒకటి అనొచ్చు. కానీ ముప్పై ఒక్క ఏళ్ళు రిజిస్టరులో తప్పు రాయని మనిషి. "వంట చెయ్యల్లని... నిన్ను పిలిచినాము," అన్నాడు నేల చూస్తూ.

ఆమె నమిలి మింగింది. "గెంటె లేదని ఎంతసేపట్లో తెలిసింది?"

"పది నిమిషాలు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సాంబారు కారమని చెప్పి కొంగుతో తుడుచుకుంది. చెయ్యి కడుక్కుని, కొంగుముడి విప్పి డబ్బిచ్చి, వ్యాను ఎక్కింది. ట్రంకు తెరిచి గరిటె తీసి నడుముకు దోపుకుంది.

"బిళ్ళ తగిలించండి," అంది.

ఆర్థర్ తొమ్మిదో నంబరు తగిలించాడు.

ఆ పూట వంట ఆర్థరే చేశాడు. గరిటె ఇమ్మని అడిగే ధైర్యం ఆయనకే కాదు, ఎవరికీ లేకపోయింది. సాంబారన్నాన్ని కాఫీ చెంచాతో కలిపాడు. పైన పలుకు, అడుగున మాడు. అందరూ తలలు వంచుకుని తిన్నారు. చెల్లెలి మొగుడు ఈసారి బుర్ర గురించి ఏమీ అనలేదు. "ఉప్పు చాల్లేదు," అంది ఫిలోమినా, తినకుండానే.

వేళాంగణ్ణిలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఒకరి చేతిలో వెండి కన్ను, ఒకరి చేతిలో మైనపు కాలు, ఎవరి మొక్కు వాళ్ళది. ఫిలోమినా ఒక చేత కొవ్వొత్తి, ఒక చేత గరిటె పట్టుకుని నడుస్తోంది. ఆమె వెనక ఒక్కడుగు దూరంలో ఆర్థర్, ఆ గరిటె మీద నుంచి చూపు తిప్పకుండా.

చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె గరిటె చూసి ఆశ్చర్యపోయింది. "ఏం మొక్కమ్మా ఇది? గెంటె ఇస్తామని యాడా వినలేదే."

"మొక్కు కాదమ్మా," అంది ఫిలోమినా. "నా నంబరు."