సుధాకరరావు అడిగిన ప్రశ్న

తెర మీద తండ్రి ఎవరైనా సరే, న్యాయం ఆ తండ్రిదేనని సుధాకరరావు వాదన. కథలో కూతురు ప్రేమించానన్నా, పాడతానన్నా, పరాయి దేశంలో తమ టోవా పాయో ఫ్లాట్‌లో సోఫా మీద కూర్చుని ఈయన తీర్పు చెప్పేసేవాడు. కూతురు మహతి ఒంటికాలి మీద లేచేది. భార్య అరుంధతి ఇద్దరి మధ్యా పకోడీల పళ్లెం పెట్టి ఊరుకునేది. ఆదివారాలు అలా గొడవగా, హాయిగా గడిచిపోయాయి.

మహతి బ్యాంకు ఉద్యోగం మానేసి సినిమాలు తీస్తానన్న రోజున మాత్రం ఆయన లేచి నిలబడి, "అయితే ఇంక ఈ గడప తొక్కకు" అన్నాడు. అచ్చం సినిమా డైలాగే. కట్ చెప్పే నాథుడు లేడు. పిల్ల నిజంగానే తొక్కలేదు. మూడేళ్లయింది. ఇప్పుడు ఆదివారాలు అరుంధతి మనవాళ్ల కొట్లుండే లిటిల్ ఇండియాకు వెళ్లి కూతుర్ని కలిసొస్తుంది. వచ్చి ఏమీ చెప్పదు, ఈయన అడగడు. అడిగితే తల కొట్టేసినట్టుంటుంది మరి! ఒక్కడే అన్నం వేడిచేసుకుని, ఏదో సినిమా పెట్టుకుని, వాదించే మనిషి లేక సగంలో కట్టేస్తాడు.

మహతి తీసిన చిన్న సినిమా ఊళ్లో ఒక హాల్లో వేస్తున్నారని పేపర్లో చూసి, భార్యకు చెప్పకుండా ట్రైన్ ఎక్కాడు. తండ్రీకూతుళ్ల కథట. తనను ఎంత దుర్మార్గుణ్ణి చేసిందో చూడాలి. ఎంత చేసినా సరే, చూశాక ఇంటికి రమ్మని అడగాలి. ముందు వరుసలో అరుంధతి కనిపించేసరికి, ఈయన వెళ్లి చివరి వరుసలో కూర్చున్నాడు.

తెర మీద కూతురు ఉద్యోగం మానేశానంది. తండ్రి టీవీ కట్టేశాడు. ఇక తిట్లేనని సుధాకరరావు ముందుకు వంగాడు. ఆ తండ్రి కుర్చీ దగ్గరికి లాక్కుని, "కూర్చోమ్మా. ఏం చేద్దామనుకుంటున్నావో చెప్పు" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే ఈయన తట్టుకునేవాడే. ఆ ఒక్క మాటకు ఏడుపు ఆగలేదు.

సినిమా అయ్యాక ప్రేక్షకుల్ని ప్రశ్నలు అడగమన్నారు. మైకు ఆయన చేతికొచ్చింది. ఇంటికి రామ్మా అనడానికే లేచాడు. నోరు మాత్రం పాత అలవాటు కొద్దీ వాదనకు దిగింది.

"కన్నతండ్రి అంత ఈజీగా ఒప్పుకుంటాడా అమ్మా? సినిమా కాబట్టి గానీ!"

అరుంధతి గిరుక్కున వెనక్కి తిరిగింది. వేదిక మీద మహతి ఆయన గొంతు పోల్చుకుంది. పోల్చుకుని కూడా, ఈ ఊళ్లో ముక్కూ మొహం తెలియని పెద్దవాళ్లను పిలిచినట్టే పిలిచింది.

"కరెక్టే అంకుల్. అలాంటి నాన్న నాకు తెలీదు. ఉంటే బావుండునని రాసుకున్నా."

హాలంతా చప్పట్లు మోగాయి. ఎవరో వచ్చి మైకు తీసుకున్నారు. ఏం చెయ్యాలో తోచక సుధాకరరావు కూడా చప్పట్లు కొట్టాడు.