నిప్పు లేని వేడి

గల్ఫు దేశంలో, అరాద్ అనే ఊళ్లో కళ, వెంకటరాజు ఉండే ఫ్లాటులో రెండు పడకగదులు. ఒకటి వాళ్లది. రెండోది ఆ ఆగస్టులో ఒక తెల్లటి ప్లాస్టిక్ డ్రమ్ముది.

వెంకటరాజుది భీమవరం. సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్లాంటులో ఇంజనీరు. కొనుక్కుంటే దొరికే బీరును ఇంట్లో తనే చెయ్యాలన్న పిచ్చి పట్టింది అతనికి. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి, ఆ తియ్యటి నీళ్లను హాప్స్ అనే చేదు పువ్వులతో కాచి, చల్లార్చి డ్రమ్ములో పోశాడు. ఈస్టు కలిపి మూత బిగించాడు. మూత మీద కాసిని నీళ్లు నింపిన ఒక వంకర గొట్టం. లోపల పుట్టే గాలి దాంట్లోంచి బయటికి పోతుంది గాని, బయటి గాలి లోపలికి రాదు. ఆ తర్వాత గదిలో ఏసీ వేసి తలుపు మూశాడు.

"ఇరవై డిగ్రీలు దాటనివ్వకూడదు కళా. దాటిందంటే ఇక అది బీరు కాదు."

"ఊరంతా చెమటలు కక్కుతుంటే డ్రమ్ముకి ఏసీ ఏంటండీ? అయినా ఈ దేశంలో ఇలాంటివి ఇంట్లో పెట్టుకోవచ్చా? ఎవరికైనా తెలిస్తే?"

"నువ్వు చెప్పకు, నేను చెప్పను" అని నవ్వేశాడు వెంకటరాజు.

కళ నర్సు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో డ్యూటీ. భర్త పిచ్చి ఆమెకు నచ్చలేదు. ఆ గది తలుపు తెరిచేది కూడా కాదు.

ప్లాంటు ఆపి చేసే షట్‌డౌన్ మరమ్మతులు మొదలై వెంకటరాజు పొద్దున్నే వెళ్లిపోతున్న రోజులవి. ఆ వేళ కళకు సెలవు. మధ్యాహ్నం బీరువాలో దుప్పటి కోసం ఆ గదిలోకి వెళ్లింది. తలుపు తీయగానే ఉక్క ముఖాన కొట్టింది. ఏసీ తిరుగుతోంది గాని చల్లదనం లేదు. వంకర గొట్టంలోంచి గోధుమరంగు నురగ పొంగి, డ్రమ్ము మీదుగా కారి నేలమీద మడుగు కట్టింది. మాగిపోయిన అరటిపండ్ల వాసన.

భర్తకు ఫోన్ చేసింది. స్విచ్చాఫ్. పని జరిగే చోటికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. బిల్డింగు ఏసీలు చూసే అప్పాజీకి చేసింది. అతనిది అమలాపురం దగ్గరి ఊరు. ఇక్కడ తుబ్లీలో వర్క్‌షాపు పెట్టుకున్నాడు. బయల్దేరానన్నాడు.

మొత్తం తీసుకెళ్లి పారబోసేద్దామనుకుంది కళ. ముందు నేల తుడుద్దామని గుడ్డ తెచ్చి, కూర్చుంటూ ఆసరాకు డ్రమ్ము మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

డ్రమ్ము వెచ్చగా ఉంది.

గోడను తాకి చూసింది. మళ్లీ డ్రమ్మును తాకింది. డ్రమ్ముకు అంటించిన, వేడి కొలిచే పట్టీ ముప్పై అయిదు చూపిస్తోంది. గోడ మీది థర్మామీటరులో ముప్పై ఒకటే ఉంది. కింద పొయ్యి లేదు, ఎండ పడే చోటు కాదు. గది కన్నా డ్రమ్ముకే వేడెక్కువ. బయటి వేడి లోపలికి పోవడం లేదు. లోపలి వేడే బయటికి వస్తోంది.

ఆమె వార్డులో పిల్లలు కిలో బరువైనా ఉండరు. తమ వేడి తాము పుట్టించుకునే శక్తి వాళ్లకుండదు. ఒక్క డిగ్రీ తగ్గినా ఒళ్లు రంగు మారుతుంది. గాజుపెట్టెలో పెట్టి, బయటి నుంచి వేడి అందిస్తూ కళ్లలో వత్తులేసుకుని చూస్తుంటారు. ఇక్కడ కంటికి కూడా కనిపించని ఈస్టు కణాలు, ఇంత పెద్ద డ్రమ్మును మనిషి ఒంటిలా కాగబెడుతున్నాయి.

బ్యాగులోంచి స్టెతస్కోపు తెచ్చి డ్రమ్ముకు ఆనించింది. దూరంగా తాటాకు కప్పు మీద చినుకులు పడుతున్నట్టు, ఎడతెగని సవ్వడి. ఊపిరి బిగబట్టి వింది. తడిగుడ్డ చేతిలోంచి జారిపోయిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

అప్పాజీ వచ్చి బాల్కనీలో ఏసీ విప్పి చూశాడు. "ఖలాస్ అండి. కంప్రెసర్ పోయిందండి మేడంగారూ. పార్టు రేపు గాని రాదండి." లోపలికొచ్చి డ్రమ్మును చూసి, "ఇదేంటండీ?" అన్నాడు.

ఆమె దాచలేదు. "రాజుగారు బీరు చేస్తున్నారు. ఇలా వచ్చి చెయ్యెయ్యండి."

అప్పాజీ అరచెయ్యి ఆనించి వెంటనే వెనక్కి తీసుకున్నాడు. "అమ్మ బాబోయ్! జొరమొచ్చిన మనిషిలా ఉందండి! బతికున్నదేదో ఉందాండీ లోపల?"

కళ స్టెతస్కోపు అతని చెవులకు పెట్టింది. అతను తల వంచి విన్నాడు. తర్వాత మెల్లగా, ఎవరో నిద్రపోతున్న ఇంట్లో మాట్లాడినట్టు, "అమ్మో... ఎంతమందున్నారండీ?" అన్నాడు.

"చల్లబరచకపోతే ఇవి తమ వేడికి తామే పాడైపోతాయి. సాయం పట్టండి."

బట్టలు నానబెట్టే పెద్ద టబ్బు తెచ్చారు. కుళాయి తిప్పితే మిద్దె మీది ట్యాంకులో కాగిన నీళ్లు చెయ్యి చుర్రుమనిపించాయి. ఎండాకాలం మొదలైనప్పుడే గీజరు ఆపేశారు కాబట్టి, ఇంటి లోపల నీడన దాంట్లో నిలవున్న నీళ్లే నయం. వాటిని పట్టారు. ఇద్దరూ డ్రమ్మును కుదపకుండా ఎత్తి టబ్బులో దించారు. కళ మరిగించిన నీళ్లతో గొట్టం కడిగి, డ్యూటీలో ఉన్నంత శుభ్రంగా మళ్లీ బిగించింది. ఫ్రీజరులోని ఐసంతా నీళ్లలో వేసింది. అప్పాజీ కింద కోల్డ్‌స్టోరు అనే కిరాణా కొట్టుకు పోయి ఇంకో రెండు సంచుల ఐసు తెచ్చాడు.

"ఒకేసారి వద్దండి" అంది కళ. "మరీ చల్లబడితే నిద్రపోతాయని ఆయన చెప్పారు. మెల్లగా దించాలి."

అప్పాజీ వెళ్తూ గుమ్మంలో ఆగి మరోసారి డ్రమ్ము వైపు చూశాడు. చేతులు జోడించబోయి, సిగ్గుపడి తల గోక్కుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం వెంకటరాజు వచ్చేసరికి కళ టబ్బు పక్కన నేలమీద కూర్చుని ఉంది. పట్టీ ఇరవై ఒకటి చూపిస్తోంది. సంగతంతా విని అతను కూడా పక్కనే చతికిలబడ్డాడు.

"నువ్వైతే పారబోసేస్తావనుకునేవాణ్ని."

"పారబోద్దామనే అనుకున్నా. ఏవండీ, ఇందులో ఎన్నుంటాయి?"

"భూమ్మీది మనుషులందరికన్నా ఎక్కువ."

"ఈ గదిలోనా?"

"ఈ డ్రమ్ములోనే."

ఆమె నీళ్లలో చెయ్యి పెట్టి ఐసుముక్కలను మెల్లగా కలుపుతూ ఉండిపోయింది.

మర్నాడు ఏసీ బాగైంది. బీరు తయారై సీసాల్లోకి ఎక్కేనాటికి దానికి కాస్త అరటిపండు వాసన నిలిచిపోయింది. వేడి తగిలిన గుర్తన్నాడు వెంకటరాజు, మొహం చిన్నబుచ్చుకుంటూ. కళ ఒక్క గుక్క తాగి, "చేదు. కానీ బాగుంది" అంది.

ఖాళీ అయిన డ్రమ్ము అడుగున మీగడ రంగులో ఒక పొర పేరుకుని ఉంది. అలికిడి లేదు, వెచ్చదనం లేదు. వెంకటరాజు దాన్ని కడగడానికి ఎత్తబోయాడు.

"ఆగండి. చచ్చిపోయాయా?"

"లేదు. తినడానికేమీ లేక పడుకున్నాయి."

"అయితే పెట్టండి."

ఆ పూటే కొత్తగా బార్లీ నీళ్లు కాచి, చల్లార్చి, ఆ పొర మీదే పోశారు. భోజనాలయ్యాక కళ వెళ్లి చూసింది. గొట్టంలో నీళ్లు ఒకసారి ఉబ్బి, ఆగి, బుడుక్కుమన్నాయి. కాసేపటికి మళ్లీ.

"రండి, లేచాయి!" అని భర్తను కేకేసింది. అతను వచ్చేలోగా రెండు చేతులూ డ్రమ్ము చుట్టూ వేసి, చెంప ఆనించి కళ్లు మూసుకుంది.