నిప్పు తగలని మజ్జిగ

సంఘపెద్ద యిర్మియాకు దేవుడి గురించి గానీ ఆవుల గురించి గానీ తెలియనిది లేదు. ఆ మాట ఆయనే అంటాడు. దీవిలోని ప్రోతరాపూర్‌లో ఆ చిన్న తెలుగు క్రైస్తవ సంఘంలో కోతపండగకి ఆవు పాలు తెచ్చేది ఆయనే. దేవుడికిచ్చే ప్రథమఫలానికి నిప్పు తగలకూడదని వాళ్ల నాయన పెట్టిన రివాజు. అందుకని పచ్చిపాలే తోడుపెట్టి, నిమ్మకాయ పిండి, ఆరాధన అయ్యాక అందరికీ గ్లాసుడు మజ్జిగ పోయిస్తాడు. తను మాత్రం ముట్టడు, గ్యాస్ పడుతుందట.

ఫేబే పశువుల ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. యిర్మియాను చూస్తేనే ఆమెకు ఒళ్లు మండుతుంది. ఈ ఏడు ఆయన గడ్డి మాన్పించి, ఫీనిక్స్ బే రేవు దగ్గరి హోటళ్లలో మిగిలిన అన్నం, మొక్కజొన్న పిండి ఆవుకి మేపుతున్నాడని విని, పండగకి రెండు రోజుల ముందు వాళ్లింటికి వెళ్లింది. అంత పిండి తింటే పశువు పేగుల్లోనే పులుపు పుడుతుందనీ, ఆ పులుపులో రాటుదేలిన క్రిములకు నిమ్మరసమూ మన కడుపులోని ఆమ్లమూ ఒక లెక్క కాదనీ, పాలల్లో కాస్త పేడ పడినా జబ్బుకి చాలనీ, కాచి తోడుపెట్టమనీ చెప్పింది.

యిర్మియా మీసాల్లో నవ్వాడు.

"పులిసిందాంట్లో పురుగు బతకదు బేటీ. పేడ సంగతి నువ్వు సూసుకో. పరిశుద్ధం సంగతి మేం సూసుకుంటాం."

పక్కనున్న పెద్దలిద్దరూ నవ్వారు. ఫేబే గిరుక్కున తిరిగి బయటికొచ్చేసింది. ఈ మొద్దులకు చెప్పడం తనదే బుద్ధితక్కువ అనుకుంది. తాగి చావనీ, అప్పుడుగానీ తెలిసిరాదు. ఇంటికొచ్చాక, మొహం అలా పెట్టావేమని తల్లి సారా అడిగితే ఏం లేదంది.

ఆదివారం వెనక బల్లమీద కూర్చుని, మజ్జిగ తాగి మూతులు తుడుచుకుంటున్న వాళ్లను చూసి లోలోపల నవ్వుకుంది. వీళ్లకంటే గొర్రెలు నయం. తన గ్లాసు గుమ్మం పక్కన పారబోసింది. ముందు వరస ఆడవాళ్లలో ఎవరు తాగారో చూడలేదు, చూడాలని అనిపించనూ లేదు.

నాలుగో రోజుకి పదకొండు మంది రక్తవిరేచనాలతో ఆస్పత్రిలో చేరారు. వాళ్లలో సారా ఒకతి. చేరిన వారానికి ఆమెకు మూత్రం ఆగిపోయింది. కిడ్నీలు పనిచేయడం లేదు, డయాలసిస్ చేయాలి, ఈ వయసులో ఏమీ చెప్పలేమన్నాడు డాక్టరు.

చూడ్డానికి యిర్మియా వచ్చాడు, నిక్షేపంగా ఉన్నాడు. ఆయన్ని నలుగురిలో కడిగిపారెయ్యాలని ఫేబే మాటలు సిద్ధం చేసుకుంది. ఆ అవసరం రాలేదు. మీ అమ్మాయి ముందే చెప్పింది, నేనే వినలేదని సారా మంచం దగ్గర ఆయనే ఒప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

సారా మెల్లగా కూతురివైపు తిరిగింది.

"ఆయనకి సెప్పావు గదా. నాకెందుకు సెప్పలేదే? నువ్వు వద్దంటే ముట్టుకుందునా?"